గుమ్మం పక్కన మూట

మా ఆయన బదవీ నాకు విడాకులిచ్చిన సందర్భాలు చెప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది. టొమాటోల బేరం తెగక ఒకసారి, ఇంటికొచ్చిన చుట్టం ఇంకో గ్లాసు టీ వద్దన్నందుకు ఒకసారి, రేవులో ఇద్దరు కలబడితే విడదీయడానికి ఒకసారి. "నువ్వీ టీ తాగకపోతే నా పెళ్ళాం నాకు విడాకులే" అంటాడు. అవతలివాడు గబగబా తాగేస్తాడు. నా కాపురం నిలబడుతుంది. నైలు పడమటి ఒడ్డున మగవాళ్ళందరిదీ ఇదే వరస. మాట మీద నిలబడతామని చెప్పడానికి వీళ్ళకి తమ మీద తాము వేసుకునే ఒట్టు చాలదు, ఇంటి ఇల్లాలు కావాలి. మసీదులో షేక్ చెప్పీ చెప్పీ విసిగిపోయాడు. "అది విడాకులు కాదురా, నోటి తీట. అలా అన్నందుకు పదిమంది పేదలకి అన్నం పెట్టి నోళ్ళు కడుక్కోండి" అంటాడు. వీళ్ళు బుద్ధిగా తలలూపి, బయటికొచ్చి, చెప్పులు తొడుక్కుంటూనే మళ్ళీ ఒట్టేస్తారు.

ఇన్ని ఒట్లలో ఒక్కదానికే నేను మూట కట్టాను. అది మా మేడ మీద అద్దెకుండే దోరీన్ కోసం వేసిన ఒట్టు.

దోరీన్ ఇంగ్లీషావిడ. వాళ్ళ ఊళ్ళో రైల్వే స్టేషన్లో టిక్కెట్లమ్మి రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు. అక్కడ వాన ఎప్పుడు పడుతుందని ఎవరూ అడగరట, ఎప్పుడు ఆగుతుందని అడుగుతారట. ఆ తేమకి కీళ్ళు పట్టేసి, ఎండ కోసం వెతుక్కుంటూ మా లక్సర్ వచ్చి పడింది. మా ఒడ్డున అలాంటి పెద్దవాళ్ళు చాలామందే ఉన్నారు. పొద్దున్నే టోపీలు పెట్టుకుని కాలవగట్టు మీద నడుస్తారు. ఒకరికొకరు ఎదురైతే ముందు మోకాళ్ళ గురించి, తరవాత మాత్రల గురించి, ఆఖర్న పిల్లుల గురించి మాట్లాడుకుంటారు. దోరీన్ వాళ్ళతో నడిచేది గాని, భాష మాత్రం రేవులో పడవవాళ్ళ దగ్గర నేర్చుకుంది. అందుకే ఆవిడ నోట అప్పుడప్పుడు ఆడవాళ్ళు అనకూడని మాటలు వచ్చేవి. మేం సరిదిద్దేవాళ్ళం కాదు, వినడానికి బాగుండేది.

ఆవిడ వచ్చిన కొత్తలో ఒకరోజు మా ఆయన రేవులో పడవ కట్టేసి అన్నం మూట విప్పాడు. ఒక రొట్టె, కాస్త జున్ను, ఓ ఉల్లిపాయ. దోరీన్ ఒడ్డు మీద పోతోంది. "రా మదామ్, తిందాం" అన్నాడు. దాన్ని మా దగ్గర పడవవాడి పిలుపు అంటారు. నడి నీళ్ళలో ఉన్నవాడు ఒడ్డున పోయేవాణ్ణి భోజనానికి పిలిచినట్టు. పిలిచినవాడికి పుణ్యం, అవతలివాడికి మర్యాద, రొట్టెకి ఏ ప్రమాదమూ లేదు. దోరీన్ మాత్రం చెప్పులు విడిచి, పడవెక్కి, చక్కగా కూర్చుని సగం రొట్టె తినేసింది. ఉల్లిపాయలో కూడా సగం.

రేవు రేవంతా ఆ ముచ్చటే చెప్పుకుని నవ్వింది. ఆవిడ అక్కడితో ఆగిందా? కూరలవాడు రమ్మంటే వాళ్ళింటికి, దర్జీ రమ్మంటే వాళ్ళింటికి, నేను మాటవరసకి మెట్ల దగ్గర "రా మదామ్" అంటే మా ఇంటికి. ఇష్టంగా తినేది. వేళ్ళు నాక్కునేది. నిజం చెబుతున్నాను, అలా తినేవాళ్ళకి పెట్టడమంటే నాకు ప్రాణం.

అప్పుడు నైజెల్ అడ్డుపడ్డాడు. ఆయన ఆ నడిచేవాళ్ళలో ఒక పెద్దమనిషి, మా గురించి మాకే పాఠం చెప్పగల రకం. "వాళ్ళు ఊరికే అంటారు దోరీన్. మూడుసార్లు వద్దనాలి. అదీ ఇక్కడి మర్యాద" అని చెప్పాడట. దోరీన్ మొహం కందగడ్డయింది. మర్నాడు ఒక కోడిని మొత్తంగా వేయించి పట్టుకొచ్చి, తలెత్తకుండా మా ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఎవరింట్లోనూ మెతుకు ముట్టలేదు. మూడుసార్లు కాదు, ముప్ఫైసార్లు పిలిచినా "తిన్నాను, కడుపు నిండింది, దేవుడు నీ చేతులు చల్లగా ఉంచాలి" అని మా మాటలే మాకు అప్పజెప్పేది. నైజెల్ మీద నాకు ఇప్పటికీ మంటే. ఆయన చెప్పింది తప్పని కాదు, సగమే చెప్పాడు. ఏ పిలుపు ఉత్తిదో ఏ పిలుపు నిజమో ఎలా పోల్చుకోవాలో చెప్పలేదు. అది ఆయనకీ తెలియదు.

అలా ఏళ్ళు గడిచాయి. పోయిన చలికాలం దోరీన్ తుంటి కీలు మొరాయించింది. కాలవగట్టు నడక పోయింది, తరవాత మెట్లు దిగడం పోయింది. బాల్కనీలోంచి తాడు కట్టి బుట్ట దించేది, కొట్టు కుర్రాడు అందులో సామాను వేసేవాడు. నేను మా అరుగు మీద కూర్చుని పైకి పోయే బుట్టలు చూసేదాన్ని. బిస్కట్లు, పాలు, టీ పొడి. మర్నాడు టీ పొడి, బిస్కట్లు. ఒక కూరాకు లేదు, ఒక గుడ్డు లేదు. నేను బుట్టలో పప్పు గిన్నె పెట్టి పంపితే, కాసేపటికి అదే గిన్నె అదే పప్పుతో కిందికొచ్చేది, పైన ఒక చాక్లెట్టుతో సహా.

పట్నం ఒడ్డుకి డాక్టర్ గిర్గిస్ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆయన ఎక్స్‌రే దీపానికేసి చూసి, కీలు పూర్తిగా అరిగింది, కొత్తది వేస్తే మళ్ళీ నడుస్తుందన్నాడు. దోరీన్ మొహం విప్పారింది. తరవాత ఆవిణ్ణి తూకం మీద నిలబెట్టాడు, రక్తపరీక్ష చూశాడు, ఎక్స్‌రే తీసి పక్కన పెట్టేశాడు.

"ఈవిడ ఏం తింటుందమ్మా?" అని నన్నడిగాడు.

"గాలి" అన్నాను.

"అలాగే ఉంది. ఒంట్లో రక్తం లేదు, ఎముకల మీద తోలుంది. ఇలాంటి మనిషికి మత్తిచ్చి కోస్తే నాకు భయం. ఎండలు ముదిరేలోగా బాగా తినిపించి తీసుకురండి, చేస్తాను. ఇలాగే ఉంటే మాత్రం చెయ్యను. ఆ పైన మంచమే."

తిరుగు ప్రయాణంలో మా ఆయన పడవే. దోరీన్ నీళ్ళకేసి చూస్తూ, తనకొచ్చిన భాషలో మెల్లగా అంది. "వండుతాను నగాత్. పెద్ద గిన్నె, చిన్న కూర. ఒక కుర్చీ. చూస్తే ఆకలి పోతుంది."

"మా ఇంట్లో తిను."

"దేవుడు నీ ఇల్లు చల్లగా చూడాలి. వద్దు."

"నిజంగానే పిలుస్తున్నాను మదామ్."

"వద్దు నగాత్." మూడోసారి అడిగినా అదే మాట.

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ లోపల లెక్కపెట్టుకుంటోందని తెలుస్తూనే ఉంది. ఒకటి, రెండు, మూడు. మర్యాద అయిపోయింది. ఈ మర్యాదే మనిషిని మంచాన పడేసేలా ఉంది.

పడవ ఒడ్డు తాకింది. చుక్కాని దగ్గరున్న మా ఆయన లేచి నిలబడ్డాడు. రేవులో పడవవాళ్ళందరూ ఉన్నారు. అందరూ వినేలా అన్నాడు. "మదామ్ కొత్త కీలు వేయించుకునేదాకా రోజూ మా బల్ల దగ్గర మాతో కూర్చుని తినకపోతే, నా పెళ్ళాం నాకు మూడు విడాకులు."

టీ గ్లాసు మీద ఒట్టంటే టీతో పోతుంది. ఇంత పొడుగు ఒట్టు అక్కడ ఎవరూ ఎరగరు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్నట్టు, విడాకుల మాటకి నాకు చీమ కుట్టినట్టయినా లేదు గాని, అంతమంది విన్నందుకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చాక తలుపేసి మొదలుపెట్టాను.

"ఏవయ్యా, నోరా అది, తూమా?"

"జారింది."

"జారితే టీ దాకా జారాలి. వేసవి దాకా జారుతుందా?"

మా ఆయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఉమ్ము ఫాయిజా," అన్నాడు, ఫాయిజా తల్లీ అని మా అమ్మాయి పేరుతోనే నన్ను పిలుస్తాడు. "పిల్ల పుట్టకముందు నుంచీ ఆ పడవలో కూర్చుని పోయేవాళ్ళందర్నీ తిందాం రమ్మంటున్నాను. వచ్చింది ఆవిడొక్కతే."

నేను వెళ్ళి పప్పు పొయ్యి మీద పెట్టాను.

ఆ సాయంత్రం దోరీన్ దిగలేదు. ఒట్టు కూడా పడవవాడి పిలుపు లాంటిదే అనుకుని ఉంటుంది. సరే, మా మగవాళ్ళ మాట మాటవరసకైతే ఆడవాళ్ళ మూట మాటవరసకి కాదని చూపిద్దామనుకున్నాను. చేతికందిన పాతబట్టలు ఒక దుప్పట్లో వేసి మూట కట్టి, నెత్తిన పెట్టుకుని, మేడెక్కి ఆవిడ ముందు దభీమని పడేశాను. కోపం సగం, నాటకం సగం. ఏది ఎంతో నాకే తెలియదు.

దోరీన్ బిస్కట్టు టీలో ముంచుతోంది. అది అలాగే మెత్తబడి గ్లాసులో పడిపోయింది.

"ఏంటిది నగాత్?"

"నా బట్టలు. అర్మంత్‌లో మా అన్నింటికి పోతున్నా."

"ఎందుకు?"

"ఎందుకేంటి? నా మొగుడు ఒట్టేశాడు, నువ్వు తినలేదు. నా కాపురం అయిపోయింది. ఈ వయసులో వదిన చేతి కూడు రాసి పెట్టుంది కాబోలు."

"అది మాటకి. ఊరికే మాటకి. నైజెల్ చెప్పాడు."

"నైజెల్‌కేం తెలుసు? ఆయనకి పెళ్ళామా, ఒట్టా, పడవా? రేవులో అంతమంది విన్నారు. రేపు వాళ్ళందరికీ నువ్వు చెప్పు, ఊరికే మాటకని."

దోరీన్ నన్ను చూసింది, మూటని చూసింది. ఆవిడ జన్మలో ఎవరికీ బరువు కాలేదు. ఇప్పుడు తను తినకపోతే ఒకరి కొంప కూలుతుంది. గోడకానించిన కర్ర అందుకుంది. "ఏం వండావు?" అంది.

"పప్పు. చల్లారిపోతోంది."

ఆవిణ్ణి మెట్లు దించడం ఒక యజ్ఞం. బాగున్న కాలు పైన, బాధపెట్టే కాలు ముందు, నా భుజం మీద ఒక చెయ్యి. నేల మీద కూర్చోలేదు కదా, అందుకని మా పొట్టి బల్లని ఇటుకల మీద లేపి, మేం కూడా సోఫాలెక్కి తినడం అలవాటు చేసుకున్నాం. మొదటిరోజు నాలుగు చెంచాల పప్పు, ఎండలో పొంగించిన రొట్టె ఒక ముక్క. అంతే. అయినా మా ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, పక్కింటివాళ్ళకి "తింది" అని చాటాడు.

మూటని గుమ్మం పక్కన పెట్టాను, ఆవిడకి ఎదురుగా కనిపించేలా. దోరీన్ "చాలు" అంటే నేను మారు మాట్లాడేదాన్ని కాదు. మూటకేసి చూసేదాన్ని. ఆవిడ ఇంకో ముక్క తుంచుకునేది. అలా పప్పు నుంచి బెండకాయ కూరకి, దాన్నుంచి గుడ్లకి, బాతుకూరకి వచ్చాం. పావురంలో గోధుమలు కూరి వండినరోజు ఎముకలు కూడా వదల్లేదు. తింటూ స్టేషన్ కబుర్లు చెప్పేది. రోజూ ఒకే రైలుకి ఆలస్యంగా వచ్చి, రోజూ ఆవిణ్ణే తిట్టిన మనిషి గురించి చెబితే మా ఆయనకి పొలమారింది.

రంజాన్ వచ్చింది. మాకు ఉపవాసం, ఆవిడకి మధ్యాహ్నం మాత్రలున్నాయి, కడుపులో ఏదో పడాలి. నోరు కట్టుకున్నవాళ్ళ ముందు తిననని మొండికేసింది.

"నేను చూస్తున్నానని కదా నీ బాధ?" అని గోడకేసి తిరిగి కూర్చున్నాను. "ఇప్పుడు తిను. చెంచా చప్పుడు వినిపించకపోతే మూటెత్తుతా."

ఆ రోజుల్లోనే షేక్ మా ఇంటికొచ్చాడు. ఒట్టు సంగతి ఆయన చెవిన పడింది. గుమ్మంలోనే మా ఆయన మీద విరుచుకుపడ్డాడు. "సిగ్గులేదురా బదవీ? పదిమంది పేదలకి అన్నం పెట్టు, ఒట్టు తీసి గట్టున పెట్టు, అయిపోతుంది. ఈ ఇల్లాల్ని ఇన్నాళ్ళు వేలాడదీస్తావా?"

నేను పరుగున అడ్డం వెళ్ళి తలుపు దగ్గరికి వేశాను. "షేక్‌గారూ, మీకు దణ్ణం పెడతా, మెల్లగా. ఆ పదిమందికి తరవాత పెడదాం. ముందు లోపలున్న ఈ ఒక్కర్ని తిననివ్వండి."

ఆయన తలుపు సందులోంచి తొంగి చూశాడు. దోరీన్ రొట్టెతో గిన్నె తుడుచుకుంటోంది. ఆయన గడ్డం సవరించుకుని, గొంతు తగ్గించి, "ఆపరేషన్ అయ్యాక జన్మలో మళ్ళీ విడాకుల ఒట్టెయ్యనని నాకు మాటివ్వాలి" అన్నాడు మా ఆయనతో. మా ఆయన మాటిచ్చాడు. దాని మీద ఒట్టేయబోయి నాలిక కరుచుకున్నాడు.

ఎండలు ముదరకముందే గిర్గిస్ దగ్గరికి వెళ్ళాం. ఆయన తూకం ముల్లు చూసి, అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "గాలి బాగానే పట్టిందమ్మా" అన్నాడు.

ఆపరేషన్ జరిగినంతసేపూ ఆ ఆసుపత్రి వరండాలో నాకు తెలిసిన ప్రార్థనలన్నీ చదివాను, తెలియనివి కల్పించుకున్నాను. బతికింది. నిలబడింది. మేడెక్కకూడదన్నారు కాబట్టి మా ఇంట్లో, పెళ్ళయి వెళ్ళిన ఫాయిజా గదిలో పెట్టుకున్నాం. పక్కింటివాళ్ళు వరసగా పులుసులు పట్టుకొచ్చి, మంచం చుట్టూ కూర్చుని, ఆవిణ్ణి నిద్రపోనివ్వకుండా పరామర్శించారు. నైజెల్ కూడా వచ్చాడు, పూలు పట్టుకుని. ఆయనకి బాతుకూర పెట్టాను. మూడుసార్లు వద్దన్నాడు. నాలుగోసారి నేను పిలవలేదు.

వేసవి దాటాక ఒకరోజు దోరీన్ కర్ర పట్టుకుని తనంతట తనే మేడెక్కింది. పైనుంచి కిందికి చూసి చెయ్యూపింది. నేను ముసుగు కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆ సాయంత్రం బెండకాయ కూర చేశాను. మూడు పళ్ళేలు పెట్టాక గుర్తొచ్చింది, కొత్త కీలు పడింది, ఒట్టు తీరిపోయింది. ఆవిడ రావలసిన పని లేదు.

"పిలువు" అన్నాడు మా ఆయన.

"పిలిస్తే ఏమంటుందో నీకు తెలీదా? తిన్నాను, కడుపు నిండింది, దేవుడు నీ చేతులు చల్లగా ఉంచాలి."

"మరెలా?"

"నువ్వే ఇంకోటెయ్యి."

"షేక్‌కి మాటిచ్చాను ఉమ్ము ఫాయిజా."

జన్మకొక్కసారి అన్నట్టు, ఈ మనిషి మాట మీద నిలబడేది ఈ రోజే కావాలా అనిపించింది. ఇద్దరం పళ్ళేలు చూస్తూ కూర్చున్నాం. ఇప్పుడు రాకపోతే ఇన్ని నెలలు మేం పెట్టింది మందన్నమాట. రోగం తగ్గింది, సీసా పక్కన పెట్టేశారు. మళ్ళీ పైన ఒక కుర్చీ, పెద్ద గిన్నె, చిన్న కూర. మళ్ళీ బుట్ట, బిస్కట్లు. కొత్త కీలు ఉండి మాత్రం ఎటు నడుస్తుంది?

మెట్ల మీద కర్ర చప్పుడయింది. మెల్లగా, ఒక్కో మెట్టూ ఆగి ఆగి. మా ఆయన లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

దోరీన్ గుమ్మంలోకి వచ్చింది. మా ఆయన కంగారులో పాత అలవాటు ప్రకారం "రా మదామ్, తిందాం" అనేశాడు. ఆవిడ వద్దనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. వచ్చి తన చోట కూర్చుని, రొట్టె తుంచి కూరలో ముంచింది. రెండు ముద్దలు తిన్నాక గుమ్మం పక్కకి గడ్డం ఎత్తి చూపించింది.

"నగాత్, ఆ మూట ఇప్పు. చలి వస్తుంది. బదవీకి గలాబియాలు కావాలి."

నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఆ రోజు కోపంలో మూట కట్టింది నా బట్టలతో కాదు. మసిగుడ్డలు చేద్దామని పక్కన పడేసిన మా ఆయన పాత గలాబియాలతో, ఆ పొడుగు చొక్కాలతో.

"ఎప్పుడు చూశావు?"

"మొదటి వారం. నువ్వు వంటింట్లో ఉన్నావు. నాకు ఆపుకోలేదు, చూశాను."

మా ఆయన నోరు తెరిచి నాకేసి చూశాడు. నేను పళ్ళెంకేసి చూసుకున్నాను. అన్ని నెలలు మూటకేసి చూసి బెదిరించినదాన్ని, ఇప్పుడు మొహం ఎక్కడ పెట్టుకోను?

"మరి తెలిసీ రోజూ ఎందుకు దిగొచ్చావే?" అన్నాను.

దోరీన్ నా పళ్ళెంలోంచి ఒక బెండకాయ ముక్క తీసుకుంది.

"ఆకలేసింది" అంది.